భుజంలో పేరుకున్న సున్నం: షాక్‌వేవ్‌తో పగలగొట్టాలా, సూదితో కడగాలా, ఆగి చూడాలా?

ఉపాధ్యాయురాలు, తెనాలి:

నా వయసు 47. ఎనిమిది నెలలుగా కుడి భుజం నొప్పితో బాధపడుతున్నాను. బోర్డు పైభాగాన తారీఖు రాయాలంటే ఎడమ చేత్తో కుడి మోచేతిని ఎత్తి పట్టుకోవలసి వస్తోంది. రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలితే చాలు, మెలకువ వచ్చేస్తుంది. ఎక్స్‌రే తీస్తే సూప్రాస్పైనేటస్ అనే స్నాయువులో (భుజం కండరాన్ని ఎముకకు కలిపే పట్టీలో) 14 మిల్లీమీటర్ల కాల్షియం ముద్ద కనిపించింది. మాత్రలు, ఐస్, వ్యాయామాలు అన్నీ అయ్యాయి. ఆపరేషన్ వద్దని అందరూ అంటున్నారు కానీ, మరి ఏం చేయాలన్న దగ్గర ఒక్కొక్కరిది ఒక్కో మాట. ఎముకల డాక్టరు గారు షాక్‌వేవ్, అంటే బయటి నుంచి యంత్రంతో ఒత్తిడి తరంగాలు పంపే చికిత్స, అన్నారు, స్కానింగ్ డాక్టరు గారు సూదితో కడిగేద్దామన్నారు, మా మరిది కొన్నాళ్లు ఆగమంటున్నాడు. భయంతో పాలు కూడా మానేశాను. దేని వల్ల మేలు ఉంటుందో, ఎందుకో తెలిసినవారు చెప్పగలరా?

ఫిజియోథెరపిస్టు, హైదరాబాద్:

టీచర్ గారూ, పాలు మానవలసిన పని లేదండి. ఆ సున్నాన్ని స్నాయువులోని కణాలే అక్కడికక్కడ తయారు చేస్తాయి. తిండిలోని కాల్షియం వెళ్లి భుజంలో పేరుకోవడం కాదు.

నా ఓటు షాక్‌వేవ్‌కే. 2003లో జర్మనీ, ఆస్ట్రియా వైద్యులు 144 మందిని మూడు జట్లుగా విడదీసి ఎక్కువ శక్తి, తక్కువ శక్తి, ఉత్తుత్తి చికిత్సలను పోల్చారు. ఆరు నెలల తరువాత చూస్తే ఎక్కువ శక్తి అందుకున్నవారే అందరికన్నా బాగా కోలుకున్నారు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ పరిశోధనలో ఎక్కువ శక్తి అంటే చదరపు మిల్లీమీటరుకు 0.32 మిల్లీజౌళ్లు, తక్కువ అంటే 0.08. మన ఊళ్లలో చాలా క్లినిక్కుల్లో ఉండేది గాలి ఒత్తిడితో టకటక కొట్టే రేడియల్ యంత్రం; దాని శక్తి చర్మం దగ్గరే ఎక్కువగా ఖర్చయి, లోతుకు పోయేకొద్దీ తగ్గిపోతుంది. లోపలి ముద్ద మీద కేంద్రీకరించే ఫోకస్డ్ యంత్రం వేరు. డబ్బు కట్టే ముందు మీది ఏ యంత్రమని నిర్మొహమాటంగా అడగండి.

రేడియాలజీ వైద్యుడు, విశాఖపట్నం:

పైన చెప్పినదాన్ని కాదనను గానీ, ముద్దను తీసే విషయంలో సూదిదే పైచేయి. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, అల్ట్రాసౌండ్ తెర మీద చూస్తూ, మత్తు ఇచ్చాక 18 గేజి సూదిని ముద్ద నడిమధ్యకు చేరుస్తాం. సెలైన్ ఉన్న సిరంజిని సూది కంటే దిగువగా పట్టుకుని పిస్టన్‌ను మెల్లగా నొక్కి వదులుతుంటే, లోపలి సున్నం పాలపొగలాగా సిరంజిలోకి వెనక్కి వచ్చి అడుగున తెల్లగా పేరుకుంటుంది. చివర్లో బర్సా అనే సంచిలో స్టెరాయిడ్ వేస్తాం, లేకపోతే ఆ తరువాతి రోజుల్లో అక్కడ వాపు రావచ్చు. నెదర్లాండ్స్‌లో 2013లో వెలువడిన ఒక పరిశోధనలో, ఒట్టి స్టెరాయిడ్ ఇంజెక్షన్ తీసుకున్నవారి కంటే కడిగించుకున్నవారు ఏడాది తరువాత మెరుగ్గా ఉన్నారు. ఒక్క విడతలో పని అయిపోవడం ఉద్యోగస్తులకు పెద్ద సౌకర్యం.

ఎముకల వైద్యురాలు, వరంగల్:

సార్, ఆ డచ్ రోగులనే ఐదేళ్ల తరువాత మళ్లీ పరీక్షిస్తే రెండు జట్ల మధ్య తేడా మిగలలేదన్న సంగతి కూడా మనం చెప్పాలి. అంతకన్నా ముఖ్యమైనది 2023లో నార్వే, స్వీడన్ ఆసుపత్రులు కలిసి 220 మంది మీద ప్రచురించిన పరిశోధన. కొందరికి నిజంగా కడిగి స్టెరాయిడ్ ఇచ్చారు, కొందరికి కడిగినట్లు నటించి స్టెరాయిడ్ ఇచ్చారు, మిగిలినవారికి నటన మాత్రమే చేసి స్టెరాయిడ్ కూడా ఇవ్వలేదు. ఎవరికి ఏది జరిగిందో రోగులకు తెలియదు. స్టెరాయిడ్ అందినవారికి మొదటి ఆరు వారాల్లో కొంత ఉపశమనం దొరికింది, కానీ నాలుగు నెలలకు మూడు జట్లూ దాదాపు ఒకే చోటికి చేరాయి. ముద్ద తీయడం వేరు, నొప్పి తీయడం వేరు అని నేను గట్టిగా నమ్మడానికి కారణం ఇదే. నొప్పే లేనివారి భుజాల్లోనూ ఈ సున్నం కనిపిస్తుంది. 1941లో అమెరికాలో ఉద్యోగుల 12,122 భుజాలను పరీక్షించినప్పుడు 2.7 శాతం మందికి ఉన్నట్లు తేలింది.

నెల్లూరు నుంచి, మధుమేహం ఉన్న గృహిణి:

డాక్టరు గారూ, ఇంజెక్షన్ గురించి ఒక మాట. నాకు భుజంలో స్టెరాయిడ్ వేసిన రెండో రోజు నుంచి షుగరు బాగా పెరిగి, దిగడానికి వారం పట్టింది. పెరుగుతుందని ముందే ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే రోజూ చూసుకునేదాన్ని, అంత కంగారు పడేదాన్ని కాదు.

ఫిజియోథెరపిస్టు, హైదరాబాద్:

అమ్మా, మీరు చెప్పినది మధుమేహం ఉన్న ప్రతి రోగికీ ముందే చెప్పవలసిన మాట. వరంగల్ మేడమ్ గారి వాదనకు బలమిచ్చే సంగతి మా వృత్తిలోనూ ఉందని ఒప్పుకుంటాను. 1999లో వియన్నాలో అల్ట్రాసౌండ్ థెరపీని (స్కానింగ్ కాదు, ధ్వని తరంగాలతో చేసే చికిత్స) 24 సార్లు ఇచ్చి చూశారు. తొమ్మిది నెలలకు 42 శాతం భుజాల్లో సున్నం కరిగింది, ఉత్తుత్తి చికిత్సలో 8 శాతమే. అయినా అప్పటికి నొప్పిలో రెండు జట్ల మధ్య తేడా లేదు. కానీ మేడమ్, నిద్ర లేని మనిషికి తొలి ఆరు వారాల ఉపశమనం చిన్న విషయం కాదు.

ఎముకల వైద్యురాలు, వరంగల్:

కాదు, నేనూ దాన్ని చిన్నచూపు చూడను. అందుకే ఏ చికిత్స అన్నదానికంటే ఏ దశ అన్నది ముందు తేల్చమంటాను. ముద్ద ఏర్పడే దశలోనూ, కదలకుండా ఉన్న దశలోనూ అది సుద్దముక్కలాగా గట్టిగా ఉంటుంది, ఎక్స్‌రేలో అంచులు గీత గీసినట్లు కనిపిస్తాయి. షాక్‌వేవ్ గురించి ఆలోచించవలసింది అప్పుడు. శరీరం తనంతట తానే దాన్ని కరిగించుకునే దశలో అది టూత్‌పేస్టులా మెత్తబడుతుంది, అంచులు మబ్బు పట్టినట్లు చెదిరిపోతాయి, నొప్పి మాత్రం భరించలేనంతగా విజృంభిస్తుంది. అంటే నొప్పి పెరగడం చాలాసార్లు ముద్ద పోతోందనడానికి గుర్తు. అప్పుడు నొప్పి తగ్గించే మందులు, అవసరమైతే ఒక ఇంజెక్షన్, భుజం బిగుసుకుపోకుండా మెల్లని కదలికలు చాలు. మరీ తట్టుకోలేకపోతే కడిగించుకోవచ్చు, మెత్తబడిన ముద్ద సూదికి సులువుగా వస్తుంది. టీచర్ గారూ, మీ ఎక్స్‌రే ఎప్పటిది?

ఉపాధ్యాయురాలు, తెనాలి:

ఐదు నెలల కిందటిది మేడమ్. అసలు ఈ ప్రశ్న అడగడానికి కారణమే గత నాలుగు రోజులుగా నొప్పి ఒక్కసారిగా పెరగడం. కూర్చునే నిద్రపోతున్నాను.

ఎముకల వైద్యురాలు, వరంగల్:

జ్వరం, భుజం మీద ఎరుపు ఉంటే ఈ రోజే డాక్టరుకు చూపించండి, అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు. అవి లేకపోతే, కొత్త ఎక్స్‌రే తీయకుండా దేనికీ డబ్బు కట్టవద్దు.

ఉపాధ్యాయురాలు, తెనాలి:

జ్వరం, ఎరుపు లేవు. ఈ ఉదయమే ఎక్స్‌రే తీయించాను. పాతది, కొత్తది కిటికీ దగ్గర పక్కపక్కన పెట్టి చూశాను. అప్పుడు బియ్యపు గింజలా స్పష్టంగా ఉన్న అంచు ఇప్పుడు నీళ్లలో కలిసిన ముగ్గులా చెదిరి కనిపిస్తోంది. మా డాక్టరు గారు కూడా కరుగుతోందనే అన్నారు. శనివారం నాటి షాక్‌వేవ్ రద్దు చేసి, నొప్పికి ఒక ఇంజెక్షన్ మాత్రం వేయించుకున్నాను. ఆరు వారాల తరువాత మళ్లీ ఎక్స్‌రే తీయించి ఇక్కడే రాస్తాను.