బాప్తిస్మం తీసుకోని టీచరమ్మ సండే స్కూల్ నడపవచ్చా?

పల్లె పెద్దకొడుకు:
అందరికీ వందనాలు. మాది గుంటూరు వైపు ఒక పల్లెటూరి సంఘం. ఊరి పేరు, మా పాస్టరు అయ్యగారి పేరు చెప్పను, మీరూ అడగొద్దు. మా సండే స్కూల్‌ను ఇన్నాళ్ళూ నడిపింది ఒక టీచరమ్మ. వాక్యం నోటికి వచ్చు. పిల్లలకు క్రిస్మస్ నాటిక తనే రాసి, తనే నేర్పిస్తుంది. పల్లెలో ఎవరికి జ్వరమొచ్చినా ముందు వెళ్ళేది ఆమే. బాప్తిస్మం మాత్రం తీసుకోలేదు. కారణం ఊరందరికీ తెలుసు. ఉద్యోగం ఎస్సీ కోటాలో వచ్చింది, పిల్లలు ఇంకా చదువుకుంటున్నారు, బాప్తిస్మం తీసుకుంటే ఆ కోటా పోతుంది. కొత్తగా వచ్చిన అయ్యగారు కమిటీలో తేల్చి చెప్పారు: బాప్తిస్మం లేనివాళ్ళు పాట పాడొచ్చు, కానుక వేయొచ్చు, బోధించకూడదు. ఈస్టర్ లోపు ఏదో ఒకటి నిర్ణయించుకోమన్నారు. కమిటీ రెండుగా చీలింది.

నా మాట ముందే చెప్పేస్తాను. ఆమెను తీసేయడం తప్పు. పూర్ణహృదయంతో ప్రభువును వెంబడించడం ఎలా ఉంటుందో మా సంఘంలో ఎవరైనా చూడాలనుకుంటే ఆమెనే చూడాలి. పెళ్ళి ఆగిపోతుందని ముందురోజు హడావుడిగా నీళ్ళలో దిగి, ఆ తర్వాత క్రిస్మస్‌కు తప్ప గుడి మొహం చూడనివాళ్ళ పేర్లు మా రిజిస్టరులో భద్రంగా ఉన్నాయి. వాళ్ళు రేపు కమిటీకి పోటీ కూడా చేయొచ్చు. ఈమె మాత్రం పిల్లలకు యోసేపు కథ చెప్పకూడదు!

యేసు పక్కన సిలువ మీద ఉన్న దొంగకు ఎవరు బాప్తిస్మం ఇచ్చారు అనే వాదన దయచేసి తేవద్దు. ఆయనకు సండే స్కూల్ నడిపేంత టైం లేదు.

నిండుమునక:
ప్రైజ్ ద లార్డ్ బ్రదర్. నేను భక్తసింగ్ గారు మొదలుపెట్టిన హెబ్రోను సహవాసంలో పెరిగినవాణ్ణి. మా దగ్గర ఇది ప్రశ్నే కాదు. అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయంలో వరుస స్పష్టంగా ఉంది. వాక్యం అంగీకరించారు, బాప్తిస్మం పొందారు, ఆ తర్వాత బోధ, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన. భక్తసింగ్ గారి సంగతి చూడండి. సిక్కు కుటుంబంలో పుట్టి, కెనడాలో ఉండగా 1932లో బాప్తిస్మం పొందారు. మరుసటి ఏడు తిరిగొస్తే తల్లిదండ్రులు బొంబాయిలో కలిసి, నీ విశ్వాసం గుట్టుగా ఉంచుకుంటేనే ఇంటికి రమ్మన్నారు. ఆయన ఒప్పుకోలేదు. వాళ్ళు ఆయన్ను అక్కడే వదిలి వెళ్ళిపోయారు. ఆయన కూడా ఇంటి పరిస్థితి చూసి సర్దుకుపోయి ఉంటే ఈ రోజు హెబ్రోను ఉండేదా?

టీచరమ్మ మంచితనం గురించి నాకు అనుమానం లేదు. కానీ మంచితనం వేరు, ఒప్పుకోలు వేరు. పిల్లలు మనం చెప్పేది కాదు, చేసేది నేర్చుకుంటారు. ప్రభువు కోసం అన్నీ విడిచిపెట్టమని పాఠం చెప్పి, తను ఒక్కటి పట్టుకొని ఉంటే వాళ్ళకు అందేది ఏ పాఠం?

డల్లాస్ నుంచి:
నిండుమునక బ్రదర్ చెప్పింది మెత్తగా ఉంది, నేను సూటిగా అంటాను. ఆదివారం యేసే నా రక్షకుడని సాక్ష్యం, సోమవారం ఎమ్మార్వో ఆఫీసులో హిందువునని సంతకం. దీన్ని యాకోబు పత్రిక ద్విమనస్కత అంటుంది. ప్రకటన గ్రంథం నులివెచ్చదనం అంటుంది. ప్రేమగా మాట్లాడదాం సరే, అబద్ధాన్ని మాత్రం అబద్ధమనే అందాం.

సికింద్రాబాద్ అక్క:
డల్లాస్ తమ్ముడూ, మీకు వీసా ఇచ్చేటప్పుడు బాప్తిస్మం అయిందా అని అడగలేదు కదా. అందుకే అంత సూటిగా మాట్లాడగలుగుతున్నారు.

పల్నాడులో తరతరాలుగా రెడ్డి క్యాథలిక్కులు ఉన్నారు. కమ్మ క్రైస్తవులు ఉన్నారు. వాళ్ళు బాప్తిస్మం తీసుకున్నప్పుడు పొలం పోలేదు, కులం పోలేదు, సర్టిఫికెట్‌లో అంతకుముందు ఓసీ, ఆ తర్వాతా ఓసీ. మాలపల్లెలో, మాదిగపల్లెలో అదే నీళ్ళలో దిగితే కొడుకు కోటా సీటు పోతుంది. ఒకరు పైసా చెల్లించకుండా పూర్ణ విశ్వాసులయ్యారు, ఇంకొకరు ఇల్లు తాకట్టు పెట్టాల్సి వస్తే అర్ధ విశ్వాసులయ్యారు. ఈ లెక్క మీరు ఏ వాక్యంలో చదివారు?

వాక్యమే కావాలంటే రెండవ రాజులు 5 తీయండి. సిరియా సేనాధిపతి నయమాను కుష్ఠు బాగయ్యాక ఏమడిగాడు? మా రాజు నా చేతి మీద ఆనుకొని రిమ్మోను దేవుడి గుడిలో మొక్కేటప్పుడు నేనూ వంగాల్సి వస్తుంది, దీన్ని యెహోవా క్షమించాలి అన్నాడు. ప్రవక్త ఎలీషా అతన్ని తిట్టలేదు, ఉద్యోగం మానేయమనలేదు. మనశ్శాంతితో వెళ్ళమన్నాడు.

నిండుమునక:
అక్కా, నయమాను సిరియాకు వెళ్ళి బోధకుడు కాలేదు. ఎలీషా అతనికి ప్రవక్తల శిష్యుల బడి అప్పగించలేదు. మనం మాట్లాడేది ఆమె రక్షణ గురించి కాదు, బోధించే బాధ్యత గురించి.

పాత రిజిస్టరు:
మా సంఘానికి చాలాకాలం కార్యదర్శిగా ఉన్నాను, రిటైర్ అయ్యాను. చిన్నవాళ్ళకు తెలియదేమోనని ముందు చట్టం సంగతి చెబుతాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు కానివారిని ఎస్సీలుగా పరిగణించరు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులను, ముస్లింలను కలపలేదు. ఎస్సీ నుంచి క్రైస్తవులైనవారు ఆంధ్రలో, తెలంగాణలో బీసీ-సీ కిందికి వస్తారు. అందులో రిజర్వేషన్ 1 శాతం. దీని మీద సుప్రీంకోర్టులో 2004 నుంచి పిటిషన్లు ఉన్నాయి. 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. అంటే టీచరమ్మను ఈ ఇరుకులో పెట్టింది ఆమె మనసు కాదు, ఆ ఉత్తర్వు. డల్లాస్ బాబు కోపం అటువైపు కూడా కొంచెం మళ్ళితే బాగుంటుంది.

ఇక చరిత్ర. ఒంగోలులో మిషనరీ క్లౌ దొరగారి పేరు వినని బాప్టిస్టు ఉండడు. 1876–78 ధాత కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకొని జనానికి కూలి ఇప్పించాడు. ఆ సమయంలో బాప్తిస్మం కోసం వేలమంది వచ్చినా ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆపాడు. కరువు పని ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. నేను చెప్పేదేమిటంటే, బాప్తిస్మానికీ కడుపుకూ ముడిపడిన రోజుల్లో ఆగమని చెప్పడం మన చరిత్రలో ఉంది. అప్పుడు తీసుకుంటే లాభం వస్తుందని ఆపారు. ఇప్పుడు తీసుకుంటే నష్టం వస్తుందని ఈమె ఆగింది. ఆగిన ఆ జనాన్ని క్లౌ గారు అవిశ్వాసులని తరిమేయలేదు.

డల్లాస్ నుంచి:
పెద్దాయనా, పోలిక కుదరలేదు. ఆ 2,222 మంది ఇవ్వండి ఇవ్వండి అని అడుగుతుంటే దొరగారు ఆపారు. ఇక్కడ అయ్యగారు ఇస్తానంటుంటే ఆమె ఆగింది. పైగా ఆ పల్లెలవాళ్ళకు బాప్తిస్మంతో వచ్చిన కష్టాలు తక్కువా? కరణం, మునసబు ఎన్ని తిప్పలు పెట్టారో మా తాతయ్య చెప్పేవారు. మా తాతయ్యదీ పల్లే. బీసీ-సీ సర్టిఫికెట్‌తోనే మా నాన్న చదువుకున్నారు. కాబట్టి అక్కా, ఖరీదు తెలియనివాడిగా నన్ను లెక్కగట్టకండి.

సికింద్రాబాద్ అక్క:
తెలియక అన్నాను తమ్ముడూ, ఆ ఒక్క మాట వరకు వెనక్కి తీసుకుంటున్నాను. వాదన వెనక్కి తీసుకోను. మీ నాన్నగారు తన కోసం తను నిర్ణయించుకున్నారు. ఇంకొకరి కోసం నిర్ణయించి గడువు పెట్టలేదు.

ఇంకో పేరు చెబుతాను. కృష్ణా జిల్లా మునిపల్లెలో కలగర సుబ్బారావు గారు. 1942లో క్రీస్తు దర్శనం కలిగిందని చెప్పేవారు. కీర్తనలు రాశారు, ప్రార్థన చేయించుకోడానికి జనం బళ్ళు కట్టుకొని వచ్చేవారు. బాప్తిస్మం తీసుకోలేదు సరికదా, సంఘాలు దాన్ని పట్టుకొని వేలాడుతున్నాయని గట్టిగా విమర్శించారు. ఆయన క్రీస్తును ప్రేమించలేదని ఎవరైనా అనగలరా?

నిండుమునక:
అనను. కానీ ఆయన తర్వాత అక్కడ నిలబడిన సంఘం ఎంత, అదీ చూడాలి. వ్యక్తి భక్తి వేరు, సంఘ జీవితం వేరు. సంఘానికి ఒక గుమ్మం ఉండాలి.

మిలాను నగరంలో 374లో అంబ్రోసును బిషప్‌గా ఎన్నుకున్నప్పుడు ఆయనకు బాప్తిస్మం కాలేదు. ఇది మీరే తెస్తారనుకున్నాను, అందుకే నేనే తెస్తున్నాను. అంత పెద్దమనిషిని కూడా ముందు బాప్తిస్మం ఇచ్చాకే బిషప్‌గా అభిషేకించారు. మన డోర్నకల్ అజరయ్య బిషప్ గారు కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ళ చేత తల మీద చెయ్యి పెట్టించి, నేను బాప్తిస్మం పొందాను, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని చెప్పించేవారు. బోధించే పని బాప్తిస్మంలోంచే పుడుతుందని ఆయన నమ్మకం. మాలపల్లె, మాదిగపల్లె జనంతోనే ఆయన ఆ సంఘాన్ని కట్టారు, దొరల బంగళాల్లో కాదు.

పల్లె పెద్దకొడుకు:
అజరయ్య గారి మాట బలంగానే ఉంది. మా అయ్యగారు కూడా అంత బాగా చెప్పలేదు. కానీ ఒకటి. ఆయన బిషప్ అయిన కొత్తలో ఆ పల్లె మనిషి తల మీద చెయ్యి పెట్టుకుంటే గవర్నమెంటు ఆ తల మీది నీడ తీసేసేది కాదు. 1950 ఉత్తర్వు ఆయన పోయిన ఐదేళ్ళకు వచ్చింది.

వెనక బెంచీ:
నేను ఎప్పుడూ ఇక్కడ చదవడమే, రాయను. నేనూ ఆ టీచరమ్మ లాంటిదాన్నే, వేరే జిల్లా. మీరంతా నా గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నట్టు ఉంది.

రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ఆదివారం నేను బెంచీలోనే కూర్చుంటాను. పక్కవాళ్ళు లేచి వెళ్తుంటే మోకాళ్ళు పక్కకు జరిపి దారి ఇస్తాను. ఆ పని ఎన్ని ఏళ్ళుగా చేస్తున్నానో లెక్కపెట్టుకోవడం మానేశాను. మా అమ్మను సమాధుల తోటలో పెట్టడానికి ఆమె పేరు రిజిస్టరులో ఉంది కాబట్టి సరిపోయింది, నా సంగతి నాకు తెలియదు. ఇవన్నీ తెలిసే ఆగాను. చిన్నాడి ఇంజనీరింగ్ అయిపోగానే తీసుకుంటానని ప్రభువుకు చెప్పుకున్నాను. మనుషులకు చెప్పలేదు.

డల్లాస్ అన్నయ్య అబద్ధం అన్నారు. అబద్ధమే అయితే అందులో సంతకం నాది ఒక్కదానిదే కాదు. నేను కోటాలో తెచ్చుకున్న జీతంలోంచి దశమ భాగం తీసుకునేటప్పుడు ఏ అయ్యగారూ ఇది ఎక్కడి డబ్బు అని అడగలేదు.

డల్లాస్ నుంచి:
సిస్టర్, ఆ ఆఖరి మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ డబ్బు తీసుకునే సంఘం ఆమె బోధను కాదనడం నాకూ సరిగా లేదనిపిస్తోంది. అయినా నా అభిప్రాయం మారలేదు. తీసుకోకుండా ఉండాల్సింది డబ్బు కూడా అంటాను.

పాత రిజిస్టరు:
అమ్మా, నీకు ఒక జాగ్రత్త చెప్పాలి, టీచరమ్మకూ వర్తిస్తుంది. రిజిస్టరులో పేరు లేకపోతే చాలు అనుకోవద్దు. 2024లో సుప్రీంకోర్టు పుదుచ్చేరి మహిళ కేసులో తీర్పు ఇచ్చింది. బాప్తిస్మంతో పాటు క్రమంగా చర్చికి వెళ్తుండడాన్ని కూడా చూసింది. ఎస్సీ సర్టిఫికెట్ ఇవ్వనక్కరలేదంది, రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమే అంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు గారి కేసులో, క్రైస్తవ్యంలోకి మారి పాస్టరుగా ఉన్నవారికి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం రక్షణ వర్తించదంది. కోర్టులు మనిషి ఎలా బతుకుతున్నాడో కూడా చూస్తున్నాయి. అలా చూస్తే సండే స్కూల్ నడపడమే బాప్తిస్మం కంటే పెద్ద సాక్ష్యం. మంచి వకీలును అడగకుండా ఎవరి సలహా మీదా, నా సలహా మీద కూడా, ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

పెద్దకొడుకు గారూ, మీ కమిటీ మినిట్స్ బుక్కులో ఏం రాశారు?

పల్లె పెద్దకొడుకు:
అసలు సంగతి మీరు పట్టుకున్నారు. కార్యదర్శి మొత్తం రాసేశాడు. ఉద్యోగం పేరు, కోటా, అన్నీ. ఆ పేజీ చదివితే ఎవడైనా జెరాక్స్ తీసి కలెక్టరాఫీసుకు పంపొచ్చు. వచ్చే సమావేశంలో రెండు ప్రతిపాదనలు పెడతాను. ఒకటి, ఆ పేజీలో కారణాలు కొట్టేసి విషయం వాయిదా పడింది అని మాత్రం ఉంచాలి. రెండు, గడువు తీసేసి ఆమెను కొనసాగించాలి.

నిండుమునక:
రెండోది ఓడిపోతుంది బ్రదర్, ఓడిపోవాలనే నేను ప్రార్థిస్తాను. మొదటిది మాత్రం సమావేశం దాకా ఆపకండి. అయ్యగారితో ఈ రాత్రే మాట్లాడండి. ఆమెకు బాప్తిస్మం ఇవ్వాలనుకునే మనిషి ఆమె ఉద్యోగం తీయించాలని అనుకోడు కదా.

పాత రిజిస్టరు:
సంతకాలు పడ్డ పేజీ కొట్టేస్తే ఇంకో తంటా వస్తుంది. తర్వాతి సమావేశంలో సవరణగా రాయాలి, పద్ధతి అదే.

సికింద్రాబాద్ అక్క:
అయ్యా, పద్ధతి పాటిస్తే ఆ పేజీ అక్కడే ఉంటుంది కదా?

పాత రిజిస్టరు:
ఉంటుంది. అందుకే బీరువా తాళం ఎవరి దగ్గర ఉందో ముందు కనుక్కోమంటున్నాను.