ఏఐతో రాసిన ప్రాజెక్టు పనికి మార్కులు ఎలా వేస్తున్నారు?

ప్రభుత్వ హైస్కూల్లో తొమ్మిదో తరగతికి తెలుగు చెబుతాను. సెక్షన్‌లో 42 మంది. ఎఫ్‌ఏ-1 (ఏడాదిలో జరిగే ఫార్మేటివ్ అసెస్‌మెంట్లలో మొదటిది) ప్రాజెక్టుకి ఇంట్లో పెద్దవాళ్లను అడిగి పది సామెతలు, వాటిని ఎప్పుడు వాడతారో రాసుకురమ్మన్నాను. 17 మంది వివరణలు దాదాపు ఒకేలా ఉన్నాయి. "ఈ సామెత మానవ సంబంధాల ప్రాముఖ్యతను తెలియజేస్తుంది" అనే వాక్యమే 11 నోటుబుక్కుల్లో కనబడింది. ఒక పాప "మా నాయనమ్మ చెప్పింది" అని రాసిన సామెత నేనెప్పుడూ వినలేదు. అడిగితే తల దించుకుంది. ఆ నాయనమ్మ రోజూ బడి గేటు దాకా వస్తుంది, నోరు తెరిస్తే సామెతే! నాకు బాధ అక్కడే.

ఏఐ రాతను పట్టిస్తామనే ఒక ఉచిత సైట్‌లో ముందు నేను సొంతంగా రాసిన పేరా పెట్టి చూశాను. 78 శాతం ఏఐ అంది. ఇక పిల్లల మీద దాన్ని వాడలేదు. (చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ కూడా కచ్చితత్వం తక్కువని తన డిటెక్టర్‌ను 2023 జులైలో తీసేసింది.) చేత్తోనే రాయమన్నాను, ఫోన్ చూసి దించేశారు. వాడొద్దని గట్టిగా చెప్పినా ఎఫ్‌ఏ-2లోనూ అదే తంతు. ఒక్కొక్కరినీ పిలిచి అడిగితే నిజం తెలుస్తోంది కానీ, 45 నిమిషాల పీరియడ్‌లో ఎనిమిది మందికి మించి అవ్వట్లేదు. తరగతిలోనే చాట్‌జీపీటీ వాడించి నేర్పుదామంటే, 18 ఏళ్ల లోపు వాళ్లకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలని దాని షరతుల్లోనే ఉంది.

నలభై మంది ఉన్న తరగతిలో, పిల్లల్ని దొంగల్లా నిలబెట్టకుండా, పని వాళ్లదేనని రెండు మూడు పీరియడ్లలో తేల్చుకోగలిగిన పద్ధతి మీలో ఎవరైనా అమలు చేశారా, చేస్తే ఎలా?