పెద్ద డేటాబేస్ సర్వర్లకి ఏ ఓఎస్? వాడినవాళ్లు చెప్పండి

కొత్తమెషీన్:
ఏఐఎక్స్ (ఐబీఎం వాళ్ల యూనిక్స్ ఓఎస్) మీదున్న ఒరాకిల్ డేటాబేస్‌ని ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల) సర్వర్‌కి మార్చమంటున్నారు పైవాళ్లు. డేటా 6 టెరాబైట్లు. రెడ్‌హ్యాటా, ఒరాకిల్ లైనక్సా, విండోసా? తేల్చుకోలేకపోతున్నా.

పాత_డీబీఏ:
ఓఎస్ పేరు తర్వాత, ముందు ఎండియన్ (మెషీన్ బైట్లని దాచుకునే వరుస) సంగతి చూసుకోండి. ఏఐఎక్స్ బిగ్ ఎండియన్, ఎక్స్86 లిటిల్. డేటాఫైళ్లు ఉన్నవున్నట్టు కాపీ చేస్తే తెరుచుకోవు. ఒరాకిల్ బ్యాకప్ టూల్ ఆర్‌మ్యాన్‌తో కన్వర్ట్ చేయాలి, లేదంటే డేటాపంప్‌తో ఎక్స్‌పోర్ట్ చేసి కొత్తచోట ఇంపోర్ట్ చేయాలి. మాకు ఓఎస్ తేల్చడానికి ఒక్క మీటింగే పట్టింది, దీనికి మాత్రం మూడు వీకెండ్లు పోయాయి.

రాత్రిడ్యూటీ:
మాది రెడ్‌హ్యాట్. ర్యామ్ 256 జీబీ, ఎస్‌జీఏ (ఒరాకిల్ ప్రాసెస్‌లన్నీ పంచుకునే మెమొరీ) 128. కనెక్షన్లు 400 దాటితే చాలు, స్వాపింగ్ (ర్యామ్ చాలక డిస్క్ వాడుకోవడం) మొదలయ్యేది. క్వెరీలన్నీ తిరగేశాం, ఏం దొరకలేదు. చివరికి లైనక్స్ మెమొరీ లెక్కలుండే మెమ్‌ఇన్ఫోలో పేజ్‌టేబుల్స్ (ఏ మెమొరీ పేజీ ఎక్కడుందో చెప్పే పట్టికలు) వరుస చూస్తే 90 జీబీ పైనే! లెక్క సింపులే: 4 కేబీ పేజీలైతే 128 జీబీకి మూడు కోట్ల ముప్ఫై లక్షల పైచిలుకు ఎంట్రీలు, ఒక్కోటి 8 బైట్లు. కనెక్షన్‌కో ప్రాసెస్ కాబట్టి, ఒక్కోదానికి 256 ఎంబీ దాకా. 2 ఎంబీ పెద్ద పేజీలు, అంటే హ్యూజ్‌పేజెస్ పెట్టాక ఆ వరుస దాదాపు ఖాళీ. ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్‌పేజెస్ (ఓఎస్ తనంతట తానే పెట్టేవి) వేరే సంగతి, అది ఆపేయండి.

పోస్ట్‌గ్రెస్_పిచ్చి:
మాకు దెబ్బ ఇంకోచోట తగిలింది. రెడ్‌హ్యాట్ 7 నుంచి 8కి వెళ్లాం, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వెర్షన్ అదే. మర్నాడు కళ్లెదుట ఉన్న కస్టమర్ పేరు వెతికితే దొరకదు! లైనక్స్ మూల లైబ్రరీ జీలిబ్‌సీ 2.28లో అక్షరక్రమం నియమాలు మారాయి, పాత ఇండెక్సులు (వెతకడానికి డేటాబేస్ వాడే సూచికలు) పాత వరుసలోనే ఉండిపోయాయి. టెక్స్ట్ ఇండెక్సులన్నీ రీఇండెక్స్ చేస్తేగానీ తేరుకోలేదు.

విండోస్‌వాలా:
మనల్నెవరూ అడగరుగా :) మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్ కూడా 2017 నుంచి లైనక్స్ మీద నడుస్తోంది. అయినా మేం విండోస్‌లోనే ఉన్నాం, ఎందుకంటే టీమ్‌లో అందరి చేయీ తిరిగింది దాని మీదే.

పాత_డీబీఏ:
అదీ పాయింటే. కొత్తమెషీన్ గారూ, ఒరాకిల్ ఒక్కటే నడపాలంటే నా ఓటు ఒరాకిల్ లైనక్స్‌కి. ఓఎస్, డేటాబేస్ సపోర్ట్ ఒకేచోట ఉంటే అర్ధరాత్రి “అది మాది కాదు, వాళ్లది” అనే గొడవ ఉండదు. మిగతా సర్వర్లన్నీ రెడ్‌హ్యాటే అయితే మాత్రం దీనికొక్కదానికి వేరే దారి పట్టకండి. ఏది ఎంచుకున్నా, ఒరాకిల్ సర్టిఫికేషన్ పట్టికలో మీ వెర్షన్ ఉందో లేదో చూశాకే.

కొత్తమెషీన్:
మావన్నీ రెడ్‌హ్యాటే, అయితే అదే. హ్యూజ్‌పేజెస్ అన్నారు కదా, మా దగ్గర మెమొరీ_టార్గెట్ (ఎస్‌జీఏ, పీజీఏ రెండిటికీ కలిపి ఒకే సెట్టింగ్) సెట్ చేసి ఉంది. ఫర్వాలేదా?

రాత్రిడ్యూటీ:
రెండూ కలిసి పనిచేయవు. మెమొరీ_టార్గెట్ తీసేసి ఎస్‌జీఏ_టార్గెట్, పీజీఏ (ఒక్కో ప్రాసెస్ సొంత మెమొరీ) విడివిడిగా ఇవ్వండి. గో లైవ్‌కి ముందే.