స్లాక్ కీకి వేరే గిటార్ కొనాలా, తీగలు మారిస్తే చాలా?

మంద్రం_డి
హవాయి స్లాక్ కీ (వాళ్ల మాటలో కీ హోఆలు, అంటే బిరడా వదులు చేయడం) మొదలుపెట్టేవాళ్లకి ఎక్కడ చూసినా ఒకటే సలహా: ఓఎం బాడీ (డ్రెడ్‌నాట్ కంటే చిన్న పెట్టె), 44.5 మి.మీ. నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ), కుదిరితే హవాయి కోవా చెట్టు చెక్క. ఇంట్లో ఉన్న డ్రెడ్‌నాట్ (మామూలు పెద్ద పెట్టె గిటార్) ఎందుకు పనికిరాదు? కారణం కొలతల్లో చెప్పండి. "వెచ్చని టోన్" లాంటి మాటలు వద్దు.

తీగమేస్త్రి
భేషుగ్గా పనికొస్తుంది. తీగలే మార్చాలి.

టారో ప్యాచ్ అనే స్లాక్ కీ శ్రుతి అంటే, 6వ తీగ నుంచి 1వ దాకా డి-జి-డి-జి-బి-డి. మామూలు శ్రుతి (ఈ-ఏ-డి-జి-బి-ఈ) నుంచి 6, 5, 1 తీగలు రెండేసి ఫ్రెట్లంత దిగుతాయి, మిగతా మూడూ కదలవు. దిగిన తీగలో బిగువు దాదాపు 20 శాతం పోతుంది. సి వహీనే అనే ఇంకో శ్రుతిలో 6వ తీగ ఇంకా కిందికి, సి దాకా వెళ్తుంది. అక్కడ పోయేది 37 శాతం. 12-53 లైట్ సెట్టు (1వ తీగ మందం 12, 6వది 53, అంగుళంలో వెయ్యో వంతుల్లో) వేసి "నా గిటార్ చప్పగా ఉంది" అంటే తప్పు గిటార్‌ది కాదు.

దిగే మూడు తీగలే లావువి వేయండి. మీడియం సెట్టు (13-56) లోంచి 13, 45, 56, లైట్ సెట్టులోంచి 16, 24, 32. డి స్వరంలో ఉన్న 13 తీగకి, 'ఈ' స్వరంలో ఉన్న 12 తీగ బిగువులో 93 శాతం వచ్చేస్తుంది. స్కేల్ (నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు) గురించి ఇంత గొడవపడతారు గానీ, 24.9 అంగుళాల నుంచి 25.4కి వెళ్తే కలిసొచ్చేది 4 శాతమే.

కోవాచెట్టు
మేస్త్రి గారూ, లెక్క సరే, వాయించే చేతిని మర్చిపోయారు. స్లాక్ కీలో బొటనవేలు 6, 5, 4 తీగల మీద ఆగకుండా నడుస్తుంటే, సన్న తీగల మీద హ్యామర్-ఆన్‌లు (మోగే తీగ మీద ఎడమచేతి వేలు కొట్టి నొక్కడం), పుల్-ఆఫ్‌లు (ఆ వేలితోనే తీగని లాగి వదలడం) పడుతుంటాయి. వదులు తీగ ఎక్కువ ఊగుతుంది. 42.9 మి.మీ. నట్ మీద 2వ తీగను లాగి వదిలితే వేలు 1వ తీగకి తగిలి దాని మోత ఆగిపోతుంది.

తీగమేస్త్రి
42.9కీ 44.5కీ తేడా 1.6 మి.మీ. అది ఐదు సందులకి పంచితే ఒక్కోదానికి 0.3. ఎడమ చేతికి తెలుస్తుంది, కాదనను. కానీ బొటనవేలికి కావాల్సిన చోటు బ్రిడ్జి దగ్గర. అక్కడ 6వ తీగ నుంచి 1వ తీగకి 54 మి.మీ. ఉన్నవీ ఉన్నాయి, 57 ఉన్నవీ ఉన్నాయి. స్కేలు పట్టుకెళ్లి అది కొలవండి. ఇక కోవా మన తుమ్మల దాయాది చెట్టే, చూడముచ్చటగా ఉంటుంది. ఆ డబ్బు సాలిడ్ టాప్ (ప్లైవుడ్ కాని అసలు చెక్క పైపలక) మీద పెట్టడం మేలు.

ఉక్కుకడ్డీ
ఒక హెచ్చరిక. మన దగ్గర కొట్లో "హవాయిన్ గిటార్" అని అడిగితే ఒళ్లో పడుకోబెట్టి ఉక్కు కడ్డీతో జార్చి వాయించేది చేతికిస్తారు. దాని నట్ బాగా ఎత్తు, తీగ ఫ్రెట్‌కి ఆనదు. స్లాక్ కీ మామూలుగా పట్టుకుని వేళ్లతో నొక్కి వాయించేది. రెండూ హవాయివే, పనిముట్లు వేరు.

నరంతీగ
1830ల్లో మెక్సికో పశువుల కాపరులు హవాయికి తెచ్చిన గిటార్లకి ఉన్నవి నరం (జంతువుల పేగు) తీగలు. ఆ లెక్కన నైలాన్ తీగల క్లాసికల్ గిటారే అసలు దారి కదా? నట్ కూడా 52 మి.మీ.

కోవాచెట్టు
చరిత్ర సరే. నైలాన్ 6వ తీగని సికి దించితే కొట్టిన ప్రతిసారీ ముందు శ్రుతి పైకెగిరి తర్వాత కిందికి దిగుతుంది. హార్డ్ టెన్షన్ (ఎక్కువ బిగువు) సెట్టు వేస్తే కొంత నయం. చైమ్‌లు (12, 7, 5 ఫ్రెట్ల మీది హార్మోనిక్‌లు, అంటే తీగని నొక్కకుండా వేలు ఊరికే ఆనించి తీసే గంటలాంటి స్వరాలు) ఉక్కు తీగ మీద మోగినంతసేపు మోగవు. అలాగని క్లాసికల్ గిటార్‌కి ఉక్కు తీగలు మాత్రం వేయకండి, బ్రిడ్జి ఊడి చేతికొస్తుంది.

సెటప్_సుత్తి
తీగలు మార్చగానే అయిపోదు. 12-53 సెట్టు మొత్తం లాగుడు సుమారు 160 పౌండ్లు. టారో ప్యాచ్‌కి దించితే అందులో 16 తగ్గుతుంది (మేస్త్రి గారి కలగలుపు సెట్టుతో 7 దాకానే). లాగుడు తగ్గితే మెడ వంపు పోయి నిటారవుతుంది, మొదటి నాలుగైదు ఫ్రెట్లలో తీగ జీరగా మోగుతుంది. వెంటనే అందరూ శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే పట్టీ) ఎత్తిస్తారు. అనవసరం. దించిన శ్రుతిలోనే 6వ తీగని 1వ, 14వ ఫ్రెట్ల దగ్గర నొక్కి పట్టుకోండి. 7వ ఫ్రెట్ మీద విజిటింగ్ కార్డు దూరేంత సందు, అంటే 0.25 మి.మీ. ఉండాలి. లేకపోతే ట్రస్ రాడ్‌ని (మెడ వంపుని సరిచేసే లోపలి కడ్డీ) ఎడమవైపుకి పావు చుట్టు వదిలి, శ్రుతి చేసి మళ్లీ చూడండి. 12వ ఫ్రెట్ దగ్గర ఎత్తు 6వ తీగకి 2.5, 1వ తీగకి 1.8 మి.మీ. చాలు.

రెండోది, 53కి కోసిన నట్ గాడిలో 56 తీగ ఇరుక్కుంటుంది. బిరడా తిప్పితే "టిక్" మని ఒక్కసారిగా జారుతుంది. పెన్సిల్ ముల్లు పొడి రాయండి. అప్పటికీ పట్టేస్తే గాడిని ఆకురాయితో వెడల్పు చేయించాలి. దించేటప్పుడు కావాల్సిన స్వరం దాటి కిందికెళ్లి, పైకి తెచ్చుకుని ఆపండి. లేదంటే పాట సగంలో శ్రుతి పోతుంది.

మంద్రం_డి
మరి సి మౌనా లోవా శ్రుతి సంగతి? సి-జి-ఈ-జి-ఏ-ఈ. అందులో 4వ తీగ దిగదు, ఈకి ఎక్కుతుంది.

తీగమేస్త్రి
అందుకే మొత్తం 13-56 వేయొద్దన్నది. 4వ తీగ ఎక్కితే బిగువు 26 శాతం పెరుగుతుంది. 32 తీగైతే 38 పౌండ్లకి చేరుతుంది, భరించొచ్చు. అదే 35 అయితే 46. టారో ప్యాచ్‌కీ మౌనా లోవాకీ మధ్య రోజూ తిరిగేవాళ్లకి ఈ ఒక్క తీగ దగ్గరే తేడా తెలుస్తుంది.

కోవాచెట్టు
తీగల లెక్క ఒప్పుకున్నా. బాడీ సంగతి ఒప్పుకోను. స్లాక్ కీ వాద్యకారుడు కియోలా బీమర్ కోసం హవాయిలోని మౌయి దీవిలో గిటార్లు చేసే స్టీవ్ గ్రైమ్స్ చేసిన గిటార్‌కి నడిమి రంధ్రమే లేదు, పైభాగంలో రెండు చిన్న రంధ్రాలు పెట్టాడు. బాడీతో పనిలేకపోతే అంత శ్రమెందుకు? మంద్రం_డి గారూ, మీ డ్రెడ్‌నాట్‌ని సి వహీనేకి దించండి. 6వ తీగని బొటనవేలితో గట్టిగా కొట్టి, అది మోగుతుండగానే 12వ ఫ్రెట్ మీద 1, 2, 3 తీగల చైమ్ తీయండి. ఆరడుగుల దూరంలో ఇంకొకరిని కూర్చోబెట్టి, చైమ్ వినబడిందా అని అడగండి. వినబడితే తీగలతో సరిపెట్టుకోండి. మంద్రం మోత మింగేస్తే ఓఎం చూసుకోండి, అదీ ఇదే పరీక్ష కొట్లోనే పెట్టి.