1946-47 ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్ టేబుల్: యునైటెడ్ రెండా, నాలుగా?

గోదారి_గోలీ
మావాడు ఎనిమిదో తరగతి. సెలవుల్లో ఎక్సెల్ నేర్చుకోరా అంటే, ఏం టేబుల్ చెయ్యను అన్నాడు. యుద్ధం అయ్యాక ఇంగ్లండ్‌లో జరిగిన మొదటి పూర్తి లీగ్ సీజన్, 1946-47, చెయ్యమన్నాను. గెలుపులు, డ్రాలు, ఓటములు కొడితే పాయింట్లు వాటంతట అవే వచ్చేలా ఫార్ములా పెట్టాడు. లివర్‌పూల్ మొదట వచ్చింది, అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత వుల్వ్స్, ఆ తర్వాత స్టోక్, నాలుగో చోట మాంచెస్టర్ యునైటెడ్. కానీ ఎక్కడ చూసినా యునైటెడ్ రెండోది అనే ఉంది. వాడికి ఎక్కడ తప్పిందో చెప్పండి. ఇంకో రెండు సందేహాలు. సీజన్ జూన్ 14 దాకా ఎందుకు సాగింది? అదే ఏడాది ఎఫ్ఏ కప్ (లీగ్ కాదు, వేరే నాకౌట్ పోటీ) గెలిచిన చార్ల్టన్ గురించి ఎవరైనా కాస్త చెబుతారా? వాడు కప్పుకి ఇంకో షీట్ పెడతానంటున్నాడు.

రెడ్‌డెవిల్_గుంటూరు
నాలుగా? బాబూ, మా స్టేడియం మీద 1941లో బాంబులు పడ్డాయి. సొంత గ్రౌండ్ లేక 1949 దాకా పక్కింటి మాంచెస్టర్ సిటీ వాళ్ల మెయిన్ రోడ్ స్టేడియంలో అద్దెకి ఆడాం. అలా ఆడి కూడా రెండో స్థానం తెచ్చుకున్నాం. ఆ సెప్టెంబర్‌లో ఇదే చాంపియన్ లివర్‌పూల్‌ని 5-0 కొట్టాం. మీవాడి ఎక్సెల్‌కి ఇవేమీ తెలియవు.

కాప్_కాకినాడ
5-0 గుర్తుంది, కప్పు ఎవరికొచ్చిందో మాత్రం గుర్తులేదు పాపం.

రెడ్‌డెవిల్_గుంటూరు
దాని తర్వాత మళ్లీ లీగ్ గెలవడానికి మీకు 1964 దాకా పట్టింది. మధ్యలో రెండో డివిజన్‌కి కూడా వెళ్లొచ్చారు. అది గుర్తుందా?

లెక్కల_మాస్టారు
ఇద్దరూ ఆగండి. గోలీ గారూ, మీ అబ్బాయి గెలుపుకి మూడు పాయింట్లు వేశాడు. అప్పుడు గెలుపుకి రెండే. మూడు పాయింట్లు 1981లో వచ్చాయి. యునైటెడ్ 22 గెలిచి 12 డ్రా చేసింది, రెండు పాయింట్ల లెక్కలో 56. వుల్వ్స్ 25 గెలిచి 6 డ్రా, వాళ్లకీ 56. స్టోక్ 24, 7, అంటే 55. లివర్‌పూల్ 25, 7, అంటే 57. మూడు పాయింట్లు వేస్తే లివర్‌పూల్ 82, వుల్వ్స్ 81, స్టోక్ 79, యునైటెడ్ 78. డ్రాలు ఎక్కువ చేసినవాళ్లు కిందికి జారారు, అంతే. పిల్లాణ్ణి తిట్టకండి, ఫార్ములా బాగానే రాశాడు.

రెడ్‌డెవిల్_గుంటూరు
అదీ సంగతి. థాంక్స్ మాస్టారూ. థ్రెడ్ మూసేయొచ్చు.

గోదారి_గోలీ
మూడుని రెండు చేశాం మాస్టారూ. ఇప్పుడు 56, 56 సమానంగా వచ్చాయి కానీ ఇంకా వుల్వ్స్ పైనే ఉంది! యునైటెడ్ గోల్స్ 95, తిన్నవి 54, తేడా 41. వుల్వ్స్ 98, 56, తేడా 42. మావాడు నా మొహం చూస్తున్నాడు.

వరంగల్_వింగర్
హహ్హహ్హ. రెడ్‌డెవిల్ అన్నా, థ్రెడ్ మూసేద్దామా?

లెక్కల_మాస్టారు
అది గోల్ డిఫరెన్స్. అప్పట్లో గోల్ యావరేజ్. కొట్టినవాటిని తిన్నవాటితో భాగించాలి. 98ని 56తో భాగిస్తే సరిగ్గా 1.75. 95ని 54తో భాగిస్తే 1.759. కాల్‌క్యులేటర్ వద్దనుకుంటే అడ్డంగా గుణించండి: 95ని 56తో గుణిస్తే 5320, 98ని 54తో గుణిస్తే 5292. పెద్దది యునైటెడ్‌ది. తీసివేత పద్ధతి ఇంగ్లిష్ లీగ్‌లోకి 1976-77లో వచ్చింది.

వరంగల్_వింగర్
అంటే మూడు గోల్స్ ఎక్కువ కొట్టి, రెండే ఎక్కువ తిన్న టీమ్ కింద ఉందా? ఇదేం న్యాయం? కొట్టినోడికి విలువ లేదా?

రెడ్‌డెవిల్_గుంటూరు
రూల్ రూలే. అందరికీ సీజన్ మొదలవకముందే తెలుసు.

వరంగల్_వింగర్
తెలిస్తే మాత్రం? ఊళ్లో టోర్నమెంట్‌లో నాకూ ఇదే జరిగింది. పోయినేడు కాదు, ముందటేడు. మేం 9 కొట్టి 4 తిన్నాం. అవతలోళ్లు 5 కొట్టి 2 తిన్నారు. మా తేడా 5, వాళ్లది 3. నిర్వాహకులు ఏ పాత పుస్తకంలో చూశారో గానీ భాగహారం చేసి వాళ్లని సెమీస్‌కి పంపారు. రూల్స్ కాగితం మ్యాచ్‌లన్నీ అయ్యాక చూపించారు. నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

లెక్కల_మాస్టారు
మీకు 2.25, వాళ్లకి 2.5. ఆ పద్ధతిలో సరైన నిర్ణయమే.

వరంగల్_వింగర్
మాస్టారూ, మీరు నా పుండు మీద కారం చల్లడానికి వచ్చారా?

కోచ్_డీ_లైసెన్స్
నేను డీ లైసెన్స్ కోచ్‌ని. ఇక్కడ ఎంతమందికి లైసెన్స్ ఉందో తెలియదు. గోల్ యావరేజ్ అనేది డిఫెన్స్‌కి విలువ ఇచ్చే పద్ధతి. డిఫెన్స్ కట్టిన టీమే నిలబడుతుంది, అదే ఆధునిక ఫుట్‌బాల్.

లెక్కల_మాస్టారు
ఆధునికం అంటున్నారు, దాన్ని తీసేసి యాభై ఏళ్లు కావొస్తోంది. 1923-24లో కార్డిఫ్ సిటీ లీగ్ ఎలా పోగొట్టుకుందో చూడండి. హడర్స్‌ఫీల్డ్ 60 కొట్టి 33 తింది, కార్డిఫ్ 61 కొట్టి 34 తింది. తేడా ఇద్దరికీ 27. ఈరోజు రూల్ అయితే ఎక్కువ కొట్టిన కార్డిఫ్ చాంపియన్. భాగహారంలో హడర్స్‌ఫీల్డ్. పైగా ఆఖరి మ్యాచ్‌లో కార్డిఫ్ పెనాల్టీ పోగొట్టుకుంది. వింగర్ గారూ, మీకంటే బాధపడాల్సినవాళ్లు ఉన్నారు.

కోచ్_డీ_లైసెన్స్
టేబుల్ చూసి ఫుట్‌బాల్ మాట్లాడడం వేరు, గ్రౌండ్‌లో దిగడం వేరు.

వరంగల్_వింగర్
కోచ్ గారూ, పోయినసారి ఆఫ్‌సైడ్ థ్రెడ్‌లో కూడా లైసెన్స్ చూపించి, త్రో ఇన్‌కి ఆఫ్‌సైడ్ ఉంటుందన్నది మీరేగా?

కోచ్_డీ_లైసెన్స్
అది టైపింగ్ పొరపాటు.

స్టోక్_సుజాత
రెండో స్థానం మీద కొట్టుకుంటున్నారు కానీ అసలు అన్యాయం అయింది మా ఊరికి. నేను స్టోక్ ఆన్ ట్రెంట్‌లో కేర్‌హోమ్‌లో పని చేస్తాను. మా వింగ్‌లో ఒక పెద్దాయన, 1947లో పన్నెండేళ్ల పిల్లాడట. మందులు ఇస్తుంటే రోజుకో కథ చెబుతాడు, ఆ సీజన్ ఎత్తితే మాత్రం మూతి బిగించేస్తాడు. లీగ్ ఇంకా నడుస్తుండగానే, మే నెలలో మా స్టార్ వింగర్ స్టాన్లీ మాథ్యూస్‌ని 11,500 పౌండ్లకి బ్లాక్‌పూల్‌కి అమ్మేశారు. మేనేజర్ మెక్‌గ్రోరీకి, అతనికి పడేది కాదు. ఆఖరి మ్యాచ్ జూన్ 14, షెఫీల్డ్ యునైటెడ్ మీద. గెలిస్తే లివర్‌పూల్‌తో సమానంగా 57. 2-1తో ఓడిపోయారు. "ఆ మేనేజర్ పేరు నా ముందు అనకు" అంటాడు. ఆయన టీ కప్పు మీద ఉన్నది మాత్రం మాథ్యూస్ బొమ్మే.

గోదారి_గోలీ
గెలిచి ఉంటే చాంపియనేనా? మావాడు అడుగుతున్నాడు.

లెక్కల_మాస్టారు
ఆ మ్యాచ్‌కి ముందు స్టోక్ 89 కొట్టి 51 తింది. 1-0తో గెలిచినా 90ని 51తో భాగిస్తే 1.76. లివర్‌పూల్ 84ని 52తో భాగిస్తే 1.62. కాబట్టి స్టోక్‌దే కప్పు.

కాప్_కాకినాడ
"ఐతే"లతో కప్పులు రావు మాస్టారూ. మే 31న వుల్వ్స్ గ్రౌండ్‌కి వెళ్లి 2-1తో గెలిచింది మేమే. ఆ రోజు వుల్వ్స్ గెలిస్తే నేరుగా వాళ్లదే లీగ్. బామర్ ఒకటి, స్టబిన్స్ ఒకటి. స్టబిన్స్ మధ్యలోంచి ఒంటరిగా పరుగెత్తుతుంటే వెనకాల వుల్వ్స్ డిఫెండర్ స్టాన్ కల్లిస్. కల్లిస్‌కి అది ఆఖరి మ్యాచ్. చెయ్యి చాస్తే చొక్కా అందేదే, పట్టుకోలేదు. ఇప్పటివాళ్లయితే చొక్కా చింపేవాళ్లు. తర్వాత రెండు వారాలు ఆట లేకుండా కూర్చుని షెఫీల్డ్ వైపు చూడాల్సి వచ్చింది. ఆ జూన్ 14న మావాళ్లు మా సొంత గ్రౌండ్ ఆన్‌ఫీల్డ్‌లోనే ఎవర్టన్‌తో లివర్‌పూల్ సీనియర్ కప్ ఫైనల్ ఆడుతున్నారు. స్టోక్ ఓడిందని మైకులో చెప్పారు. పక్క వీధి టీమ్‌తో ఆడుతూ, వాళ్ల ముందే చాంపియన్ అయ్యామని వినడం! ఎవర్టన్ వాళ్ల మొహాలు ఊహించుకుంటేనే కడుపు నిండుతుంది.

రెడ్‌డెవిల్_గుంటూరు
డిసెంబర్‌లో అదే వుల్వ్స్ మీ ఇంటికొచ్చి 5-1 కొట్టింది చెప్పలేదేం? వెస్ట్‌కాట్ ఒక్కడే నాలుగు.

కాప్_కాకినాడ
అంతకు ముందు నెల మా బామర్ వరుసగా మూడు మ్యాచ్‌లలో మూడు హ్యాట్రిక్‌లు కొట్టాడు. అది నువ్వు చెప్పు.

కోచ్_డీ_లైసెన్స్
మాథ్యూస్ ఒక్కడు లేనంత మాత్రాన లీగ్ పోదు. జూన్ 14న రెండు గోల్స్ తిన్నది డిఫెన్స్. వింగర్ గోల్ ఆపడు.

స్టోక్_సుజాత
సార్, మీరొకసారి ఇక్కడికి రండి. స్టేడియం బయట మాథ్యూస్ విగ్రహం ఉంది. ఒకటి కాదు, ఒకే మనిషివి మూడు, మూడు వయసుల్లో. ఆయన చితాభస్మం గ్రౌండ్ మధ్య వృత్తం కింద ఉంది. ఈ మాట అక్కడ నిలబడి అనండి చూద్దాం. ఆ రోజుల్లో ఎంత పెద్ద ఆటగాడికైనా వారానికి 12 పౌండ్లు దాటి ఇవ్వకూడదు. ఆయన్ని అమ్మితే వచ్చింది 11,500. ఆటగాడికి మిగిలిందేంటి?

మోడరేటర్
వ్యక్తిగత విమర్శలు వద్దు. అడిగింది టేబుల్ గురించి, సీజన్ జూన్ దాకా ఎందుకు సాగిందన్నదాని గురించి.

సికింద్రాబాద్_హాఫ్
దానికేముంది, చలి. 1947 జనవరి చివర మొదలైన మంచు మార్చి సగం దాకా వదల్లేదు. బొగ్గు లేదు, కరెంటు కోతలు. వారం మధ్యలో మ్యాచ్ పెడితే కార్మికులు పని ఎగ్గొడతారని ప్రభుత్వం ఆపేసింది. ఇక మిగిలింది శనివారాలే, ఆ శనివారాలేమో మంచు కింద. అన్నీ పేరుకుపోయాయి. అయినా ఇంగ్లండ్ ఇంగ్లండ్ అంటారేంటి? మన హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదు రోవర్స్ కప్పులు కొట్టింది. కోచ్ రహీం సాబ్ టీమ్. దాని గురించి థ్రెడ్ పెడితే రెండు రిప్లైలు వచ్చాయి, అందులో ఒకటి నాదే.

కాప్_కాకినాడ
బాబాయ్, రెండోది నాది. ఇక్కడ కలపకండి.

సికింద్రాబాద్_హాఫ్
కలుపుతాను. 1950లో డ్యురాండ్ కూడా మనదే. మీకు బామర్ హ్యాట్రిక్‌లు తెలుసు, మీ ఊరి టీమ్‌లో ఒక్క పేరు చెప్పమనండి చూస్తాను.

పాత_బంతి
చార్ల్టన్ గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెబుతాను. 1946 ఫైనల్లో డెర్బీ మీద ఎక్స్‌ట్రా టైమ్‌లో 4-1తో ఓడింది. ఆ ఏడు కప్‌లో ఆరో రౌండ్ దాకా ప్రతి జోడీకీ రెండేసి మ్యాచ్‌లు కాబట్టి ఫుల్‌హామ్ చేతిలో ఒక మ్యాచ్ ఓడి కూడా చార్ల్టన్ ఫైనల్‌కి రాగలిగింది. ఫైనల్లో చార్ల్టన్ ఆటగాడు బెర్ట్ టర్నర్ ముందు తన గోల్లోనే వేసుకుని, నిమిషం తిరగకుండా అవతలి గోల్లో వేశాడు. డెర్బీ ఆటగాడు స్టాంప్స్ కొట్టిన షాట్‌కి బంతి పగిలిపోయింది. 1947లో మళ్లీ చార్ల్టనే, బర్న్‌లీ మీద, మళ్లీ ఎక్స్‌ట్రా టైమ్, మళ్లీ బంతి పగిలింది. డఫీ 114వ నిమిషంలో కొట్టాడు, 1-0.

బంతి ఎందుకు పగులుతుందో మీ తరానికి తెలియదు. మాకు స్కూల్లో తోలు బంతి ఉండేది. లోపల రబ్బరు బ్లాడర్, దానికి చిన్న గొట్టం. సైకిల్ పంపుతో ఊది, గొట్టం మడిచి దారంతో కట్టి, లోపలికి నొక్కి, పైన తోలు లేసు బిగించాలి. ఆ ముడి మా పీఈటీ మాస్టారు తప్ప ఇంకెవరూ వేయకూడదు. లేసున్న వైపు హెడ్ చేస్తే నుదుటి మీద కుట్ల అచ్చు రెండు రోజులు ఉండేది. వాన పడితే తోలు నీళ్లు తాగి బరువెక్కేది, ఎండలో ఆరితే బీటలు. కుట్టు ఒక్కటి తెగితే ఆ సందులోంచి బ్లాడర్ బుడిపెలా బయటికొచ్చి, తర్వాతి తన్నుకి ఢాం. యుద్ధం అయ్యాక మంచి తోలు ఎక్కడ దొరుకుతుంది వాళ్లకి?

స్టోక్_సుజాత
1946 అనగానే నాకు కప్పు కాదు, బోల్టన్ గుర్తొస్తుంది. మార్చి 9, బోల్టన్, స్టోక్ మ్యాచ్. జనం ఒత్తిడికి 33 మంది చనిపోయారు. శవాల్ని లైను పక్కన పడుకోబెట్టి, రంపపు పొట్టుతో కొత్త గీత గీసి మ్యాచ్ పూర్తి చేశారు. మా పెద్దాయన వాళ్ల నాన్న వెళ్లాడట. ఇంటికొచ్చి బూట్లు విప్పకుండా అలాగే కూర్చున్నాడని చెప్పాడు.

వరంగల్_వింగర్
టికెట్ల లైనులో నేనొకసారి ఇరుక్కున్నా. కాళ్లు నేలకి ఆనలేదు, జనమే మోసుకెళ్లారు. చెప్పు ఒకటి పోయింది. ఆ రోజు నుంచి మ్యాచ్ టీవీలోనే.

గోదారి_గోలీ
అందరికీ థాంక్స్. గోల్ యావరేజ్ కాలమ్ పెట్టాం, యునైటెడ్ రెండోస్థానానికి వచ్చింది. రెడ్‌డెవిల్ గారు ఇక పడుకోవచ్చు. మావాడు ఇప్పుడు వుల్వ్స్ అభిమాని అయ్యాడు, రెండో షీట్‌లో తేడా లెక్క అలాగే ఉంచుకుంటానంటున్నాడు.

రెడ్‌డెవిల్_గుంటూరు
ఆ షీట్ డిలీట్ చేయించండి.

పాత_బంతి
అటక మీద పాత తోలు కవర్ ఒకటి దొరికింది, లేసుది. లోపలికి అయిదో నంబర్ బ్లాడర్ కావాలి. కోఠీలో రెండు షాపులు తిరిగాను, నవ్వి పంపించారు. ఎక్కడైనా దొరుకుతుందేమో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.