పోలో టీఎస్‌ఐకి ఏ ఇంజిన్ ఆయిల్ పోయాలి? 5డబ్ల్యూ-30 అని ఉంటే చాలా?

ప్రశ్న (ఖమ్మం):
నమస్కారం. 2017 నాటి ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాను. 1.2 లీటర్ల టీఎస్‌ఐ, అంటే టర్బో ఉన్న పెట్రోలు ఇంజిన్, ఆటోమేటిక్ గేర్లు. వారంటీ ఎప్పుడో అయిపోయింది కాబట్టి ఇంటి దగ్గరి షెడ్డులోనే ఆయిల్ మార్పించాలనుకుంటున్నాను. మెకానిక్ ఏమో ‘మన ఎండలకు చిక్కటి ఆయిలే మేలు, 20డబ్ల్యూ-50 పోద్దాం’ అంటున్నాడు. దుకాణంలో అడిగితే ‘5డబ్ల్యూ-30 ఏ కంపెనీదైనా ఒకటే’ అన్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు (హైదరాబాద్):
ఇద్దరి మాటా వద్దండీ. బండితో వచ్చిన పుస్తకంలో ఆయిల్ పేజీ తీయండి. అక్కడ వి.డబ్ల్యూ 502 00 అనో, 504 00 అనో ఫోక్స్‌వ్యాగన్ పెట్టిన ఆయిల్ ప్రమాణం అంకె ఉంటుంది. మీరు దుకాణంలో అడగవలసింది ఆ అంకెనే.

5డబ్ల్యూ-30 అన్నది ఆయిల్ చిక్కదనం మాత్రమే చెబుతుంది. మొదటి అంకె చలిలో ఎలా పారుతుందో, రెండోది వంద డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా నిలుస్తుందో. టర్బో వేడికి తట్టుకుంటుందా, ఎన్ని వేల కిలోమీటర్లు ఆగుతుంది అన్న సంగతులు అందులో లేవు. అమెరికా, జపాన్ కార్ల కోసం చేసిన 5డబ్ల్యూ-30కి, 150 డిగ్రీల వద్ద ఒత్తిడిలో కొలిచే చిక్కదనం (మిల్లీపాస్కల్ సెకండ్ల లెక్కన) 2.9 ఉంటే చాలు. 504 00 రావాలంటే కనీసం 3.5 ఉండాలి. రెండు డబ్బాల మీదా 5డబ్ల్యూ-30 అనే రాసి ఉంటుంది. ఐరోపాలో కొన్ని బండ్లకు 30 వేల కిలోమీటర్లకో రెండేళ్లకో గానీ ఆయిల్ మార్చరు. అందుకే అక్కడి కంపెనీలు సొంత పరీక్షలు పెట్టి, నెగ్గిన ఆయిల్‌కే తమ అంకె ఇస్తాయి.

ఇక ఎండ సంగతి. ఖమ్మం ఎండ మండిపోతుంది, నిజమే. కానీ ఇంజిన్ వేడిని అదుపు చేసేది థర్మోస్టాట్. బయట ఇరవై ఉన్నా నలభై ఐదు ఉన్నా వేడెక్కిన ఇంజిన్ దాదాపు ఒకే చోట నిలుస్తుంది. ఇంజిన్‌లోకి గాలిని నెట్టే మీ టర్బోలోని ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతూ పలచని ఆయిల్ పొర మీద తేలుతుంటుంది. పొద్దున్నే తాళం తిప్పగానే ఆయిల్ అక్కడికి చేరాలి. 20డబ్ల్యూ-50 తాపీగా చేరుతుంది. పాత అంబాసిడర్‌కు పనికొచ్చిన సలహాను టీఎస్‌ఐకి అంటగట్టవద్దని మెకానిక్‌కు మర్యాదగానే చెప్పండి.

డబ్బా ముందువైపు ‘ఫుల్లీ సింథటిక్’ అన్న పెద్ద అక్షరాలు చూసి మురిసిపోకండి, వెనక్కి తిప్పండి. 502 00 అన్న అంకె ‘అప్రూవల్’ అన్న మాట కింద ఉంటే కార్ల కంపెనీ పరీక్షించి ఒప్పుకున్నట్టు. ‘సిఫార్సు’, ‘తగినది’ లాంటి మాటల కింద ఉంటే అది ఆయిల్ కంపెనీ తనకు తాను ఇచ్చుకున్న కితాబు. అవన్నీ చెడ్డవని కాదు, కానీ దాదాపు అదే ధరకు అప్రూవల్ ఉన్నది దొరుకుతుంటే ఈ తంటా ఎందుకు?

నేనైతే 502 00 ఉన్న 5డబ్ల్యూ-40 పోయిస్తాను. పుస్తకం 15 వేల కిలోమీటర్లు లేదా ఏడాది అంటుంది. ట్రాఫిక్‌లో నలిగే బండికి పది వేలకే మార్చడం నయమని నా అభిప్రాయం.

జవాబు (స్టుట్‌గార్ట్, జర్మనీ):
పైవన్నీ పెట్రోలు మాటలు. డీజిల్ వాళ్లకు ఒక హెచ్చరిక. పొగ గొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ అనే జల్లెడ ఉన్న బండికి బూడిద తక్కువుండే 507 00 రకమే పోయాలి. జల్లెడలో చేరిన మసిని బండి తనే కాల్చుకుంటుంది. ఆయిల్ వల్ల వచ్చే బూడిద కాలదు, అలాగే పేరుకుంటుంది. ఇలాంటి ఆయిల్ మన దేశపు ఇంధనంలోని గంధకానికి తట్టుకోదని ఒకప్పుడు అనేవారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక గంధకం పది లక్షల పాళ్లలో 50 నుంచి 10కి దిగింది కాబట్టి ఆ భయం అక్కర్లేదు.

ఇంకొకటి, 508 00 అని కొత్త అంకె కనిపిస్తుంది. ఆకుపచ్చ రంగు, 0డబ్ల్యూ-20, బాగా పలచన. అంకె పెద్దది కదా అని పాత పోలోకు పోయకండి. దాన్ని అడిగే ఇంజిన్లకే అది.

ప్రశ్న (ఖమ్మం):
ఇద్దరికీ ధన్యవాదాలు. పుస్తకంలో 502 00 ఉంది. ఇదివరకటి యజమాని ఏ ఆయిల్ పోశాడో తెలియదు. ఫ్లషింగ్ (ఇంజిన్ లోపల మందు పోసి కడగడం) చేయించాలా? మధ్యలో తగ్గితే ఏం పోయాలి?

జవాబు (హైదరాబాద్):
ఫ్లషింగ్ వద్దు. ఇంజిన్ కాస్త వేడిగా ఉన్నప్పుడు చదునైన చోట పూర్తిగా దించండి, ఫిల్టర్ మార్చండి, సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) కింది బోల్టు కొత్తది వేయించండి. నాలుగు లీటర్ల లోపే పడుతుంది. డబ్బా ఖాళీ అయ్యేదాకా పోయకుండా డిప్‌స్టిక్ చూస్తూ పోయమనండి. తగ్గితే అదే ఆయిల్ కలపాలి. దారిలో ఎక్కడా దొరకకపోతే వేరేది అర లీటరు వరకు ఒకసారికి పరవాలేదు.

మూత కింది సీలు రింగు తెగకుండా ఉందో లేదో కొనేటప్పుడే చూడండి. ఖాళీ డబ్బాకు మేకుతో బెజ్జం పెట్టి పారేయండి, నకిలీ ఆయిల్ నింపేవాళ్లకు మంచి డబ్బాలే కావాలి. మీది డీఎస్‌జీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కాబట్టి దాని ఆయిల్ వేరు, ఈ పనిలో దాని జోలికి వెళ్లవద్దని మెకానిక్‌కు ముందే చెప్పండి.