గ్రాంబ్లింగ్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ 1955 సీజన్ గురించి ఎవరికైనా తెలుసా అండి?

అమలాపురం అబ్బాయి:
మా బావ అమెరికాలో లూసియానా రాష్ట్రంలో ఉంటాడండి, అక్కడి గ్రాంబ్లింగ్ కాలేజీ టీమ్ 1955లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదంట, నల్లజాతి పిల్లల కాలేజీ అది, అంత బాగా ఆడేవాళ్లు పక్కనున్న పెద్ద యూనివర్సిటీలతో ఎందుకు ఆడలేదు?

భీమవరం రాజు:
ఆడనిస్తే కదండీ. అప్పట్లో అమెరికా దక్షిణాదిలో తెల్లవాళ్ల యూనివర్సిటీలు నల్ల కుర్రాళ్లని టీముల్లోకి రానిచ్చేవే కాదు, అందుకే ఈ కాలేజీలు వాటిలో అవే ఆడుకునేవి. ఆ ఏడాది పదికి పదీ గెలిచారు, ఆఖరిది మయామీలో జరిగే ఆరెంజ్ బ్లాసమ్ క్లాసిక్ అనే పెద్ద మ్యాచ్, ఫ్లోరిడా ఏ అండ్ ఎమ్ అనే ఇంకో నల్లజాతి కాలేజీ మీద 28-21. అవతల కోచ్ జేక్ గైథర్ అని చాలా పేరున్నాయన అండి, అలాంటి టీమ్‌ని కొట్టడం మామూలు విషయం కాదు.

రాజోలు మాస్టారు:
గ్రాంబ్లింగ్ కోచ్ ఎడ్డీ రాబిన్సన్ గురించి చెప్పకపోతే ఎలా బాబూ, 1941లో చేరి 1997 దాకా అక్కడే, మొత్తం 408 గెలుపులు. మొదట్లో గ్రౌండ్‌లో గీతలు కూడా ఆయనే గీసుకునేవాడు, మన హైస్కూల్ పీఈటీ మాస్టార్లలాగే. ఆయన శిష్యుడు ట్యాంక్ యంగర్ 1949లోనే లాస్ ఏంజెలెస్ రామ్స్‌కి ఆడాడు, నల్లజాతి కాలేజీల నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్‌కి, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్‌కి, వెళ్లిన మొదటివాడు.

అమలాపురం అబ్బాయి:
చాలా థాంక్సండి మాస్టారూ. 1955 టీమ్‌లోంచి కూడా ఎవరైనా వెళ్లారా?

భీమవరం రాజు:
ఆయ్, విల్లీ డేవిస్. ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్ గ్రీన్ బే ప్యాకర్స్‌లో డిఫెన్స్‌కి పెద్ద దిక్కు, గొప్ప ఆటగాళ్లకిచ్చే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లో కూడా ఉన్నాడు.